ఆఖరి పదహారు పేజీలు

ఆ చలికాలం త్బిలిసిలో కరెంటు
ముఖం చాటేసిన బాకీదారు.
తెల్లారగట్ల నాలుగింటికి రొట్టెల క్యూలో
తన చోట నన్ను నిలబెట్టి
అమ్మ నీళ్ల బకెట్లతో పోయేది.
నాకు పదకొండేళ్లు.
అరచేతిలో సిరాతో నా నంబరు: నూట నలభై రెండు.

నా ముందు ముర్మాన్, ట్రాలీబస్సు డ్రైవరు.
కరెంటు లేని ఊళ్లో ఆ ఉద్యోగమేమిటో
మీరే ఊహించుకోండి.
వెనక్కి తిరిగి చీకటినంతా అడిగాడు:
"ఇంతకీ నౌకని తిప్పాలా, వద్దా?"
ఏ నౌక అని నేను తప్ప ఎవరూ అడగలేదు.

అదొక నవల. అట్ట లేదు,
రాసినవాడి పేరు అట్టతోపాటే పోయింది.
ఆరు ముక్కలు చేసి, ఉన్నిదారంతో కుట్టి
క్యూ పొడుగునా తిప్పుతున్నారు.
మూడో ముక్క చదివినవాడికి రెండోది అందనే లేదు,
అయినా నోరు ఊరుకోదు.

నాలుగు వందల మంది నిద్రపోతున్న నౌక.
మెలకువగా ఉన్నది ఒక్క వంటమనిషి.
భూమి నుంచి పిలుపు: వచ్చేయండి, ఇక్కడంతా బాగైంది.
అది ఇవాళ్టి గొంతో, ఎప్పటి రికార్డో
ఆమెకి తెలీదు.

"ఆగాలంటేనే పదకొండేళ్లు పడుతుంది,"
బూటు మొనతో మంచు మీద లెక్క కట్టాడు
జియాలజిస్టు జురాబ్.
"ఈ రచయితకి ఎక్కాలు రావు."
"ఎక్కాలు కావాలంటే రొట్టెల కార్డు చదువుకో,"
అంది మందుల షాపు లమారా.
ఆస్పిరిన్ కూడా లేని అరలు ఆమెవి,
అందుకని పుస్తకాలు రాసిచ్చేది.
"నదిని పెళ్లాడిన మంత్రగత్తె కథ ఉంది,
రోజుకి రెండు అధ్యాయాలు,
భోజనం ఉంటే భోజనం తర్వాత."
"మంత్రాలా! కష్టమొస్తే మంత్రం,
ఇక కథెందుకు?"
"వాన పడ్డప్పుడల్లా ఆమె
ఒక జ్ఞాపకం నదికి చెల్లించాలి.
అప్పు లేని మంత్రం నేనెవరికీ ఇవ్వను, జురాబ్."

మళ్లీ నౌక దగ్గరికే వచ్చారు.
ఆరో ముక్కలో పదహారు పేజీలు లేవు.
"పొయ్యి రాజేశాను," అంది త్సియురి బామ్మ,
"మనవడికి పాలు కాగాలి కదా."
ఎవరూ ఏమీ అనలేదు.
కొడుకు గెలా సుఖుమి వైపు వెళ్లి ఏడాది దాటినా
ఆమె అరచేతిలో ఇప్పటికీ రెండు నంబర్లు,
రెండు రొట్టెలకి.

"నూట నలభై రెండూ, నువ్వేమంటావ్?"
నాకు తోచింది అన్నాను:
"నిద్రపోయేవాళ్లలో ఒకర్ని లేపి అడగొచ్చుగా?"
క్యూ ఒక్క క్షణం మూగబోయింది.
ఎవర్ని లేపాలన్నది
మార్చి దాకా తెగలేదు.
ఒకసారి రొట్టెలు అయిపోయినా
నలుగురు కదల్లేదు.

మంచు కరిగే రోజుల్లో
బామ్మకి కిరసనాయిలు డబ్బా మోసుకెళ్లాను.
పిండి డబ్బా అడుగున పదహారు పేజీలు,
మసి కూడా అంటలేదు.
"అంతా కలని ముగించాడు, బద్ధకస్తుడు.
ఇది తెలిస్తే రేపు క్యూలో ఏం మాట్లాడుకుంటారు?
కాల్చెయ్, నా చేతులు రావట్లేదు."

మెట్ల మీద కూర్చుని చదివాను.
కల కాదు.
నౌక తిరిగొచ్చింది. అందరూ లేచారు,
ఒక్కరు తప్ప.
ఆ ఒక్కరి పేరు రచయిత చెప్పలేదు.
పక్కనే, అంచున, పెన్సిలుతో
చిన్న అక్షరాల్లో: గెలా.
చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపిన కాగితం
అక్కడ పలచబడింది.

మర్నాడు నా నంబరు తొంభై ఏడు.
"పొయ్యిలో ముక్కేమైనా మిగిలిందేమో చూశావా?"
అడిగాడు ముర్మాన్.
"పాలు కాగాయి," అన్నాను.
కోటు లోపల పదహారు పేజీలు గరగరలాడాయి.
"సరే, నువ్వే వంటమనిషివైతే
ముందు ఎవర్ని లేపుతావు?"
"ట్రాలీబస్సు డ్రైవర్ని."

వెనకనుంచి జురాబ్:
"మరి కరెంటో?"