జీతం పద్దు

ముప్పై ఒక్క ఏళ్లు ఐవీ థ్రెల్‌ఫాల్ లెక్కలు రాశాను.
ఆమె పాటల్లో ఒక్కటీ నాకు చివరిదాకా రాదు.
ఏ పాట ఏ మూడు నెలల్లో ఎంత తెచ్చిందో మాత్రం
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ప్రెస్టన్‌లో, కేకుల దుకాణం పైన నా ఆఫీసు.
తడిసిన తోలుకోటుతో మెట్లెక్కి వచ్చింది,
చంకలో బిస్కట్ డబ్బా, దాన్నిండా రసీదులు.
వ్యాను టైర్లు. డ్రమ్ములవాడి జరిమానా.
ఫ్లీట్‌వుడ్ రేవులో పబ్బువాడు
రొక్కం చాలక ఇచ్చిన ఒక బుట్టెడు హాడక్ చేపలు.
"వీటిని ఏ పద్దులో రాస్తావు?"
గ్లాస్గోలో ఎవరో విసిరిన సీసాకి
కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయట,
అవి ఖర్చు కింద చెల్లుతాయా అని నవ్వింది.
చెల్లలేదు.

తర్వాత డబ్బొచ్చింది.
వానలా కాదు, పోటులా.
చీలమండల దగ్గర ఉందనుకునేలోగా నడుముదాకా.
ఒసాకా, డ్యూసెల్‌డార్ఫ్,
నేను మ్యాపులో వేలు పెట్టి వెతుక్కున్న ఊళ్లన్నీ
ఆమె గొంతుకి డబ్బు కట్టాయి.
ఒక గుర్రాన్ని కొంది, ఎప్పుడూ ఎక్కలేదు.
ఒక దీవిలో సగం కొంది,
మిగతా సగం ఎవరిదో ఇప్పటికీ కోర్టులో నలుగుతోంది.
మేనేజరు లెస్టర్ ప్రిమ్
రెండు ఆల్బముల హక్కులు మింగి పోర్చుగల్ చేరాడు.
"పోనీలే, వాడికి ఈత రాదు" అంది.
అదేం ఓదార్పో నాకు అప్పుడు అర్థం కాలేదు.

అన్న క్లిఫ్ మీద రాసిన ఆ ఒక్క పాటనీ
సూపు పొడి కంపెనీకి అమ్మినప్పుడు
పత్రికలు దుమ్మెత్తి పోశాయి.
నా బల్ల మీదే సంతకం చేసింది.
కలం మూత పెట్టి అంది:
"ఈ డబ్బు నాది కాదు. వేరే పద్దు తెరువు.
పేరు క్లిఫర్డ్ థ్రెల్‌ఫాల్. పని, డెక్కు మీద కూలి."
బ్యాంకు ఒప్పుకోదన్నాను.
"బ్యాంకుని అడగలేదు, నిన్నడిగాను."

అప్పుడు చెప్పింది, కిటికీ వైపు తిరిగి.
ఐస్‌లాండ్‌కి ఉత్తరాన మంచు పేరుకుని
'ఎల్లెన్ మే' ఒరిగిపోయింది మంగళవారం రాత్రి.
శనివారం కంపెనీ మనిషి కవరు తెచ్చాడు.
జీతం మంగళవారం దాకా.
బుధవారం నుంచి అతను పనిలో లేడు కదా.
అందులోంచి కోత, రబ్బరు బూట్ల జతకి.
అమ్మ వంటింట్లో రెండుసార్లు లెక్కపెట్టింది,
తప్పు కంపెనీది కాదేమో, తనదేమోనని.
ఐవీకి పదకొండేళ్లు. కూడిక బాగా వచ్చు.

ఆ బుధవారం నుంచి మొదలుపెట్టాను.
నెలనెలా జీతం, ఒప్పందం ప్రకారం, పెన్నీ తేడా లేకుండా.
యూనియన్ పెంచినప్పుడల్లా పెంచాను.
క్రిస్మస్‌కి బోనసు ఇమ్మంది.
ఓసారి ఫోన్ చేసి, వెనకాల ఎవరో గిటారు శ్రుతి చేస్తుండగా,
"వాడికి ఈ ఏడు పెళ్లయ్యుండేది, ఏమైనా కలుపు" అంది.
తను ఇల్లు తాకట్టు పెట్టిన ఏడాది కూడా
అందులోంచి చిల్లిగవ్వ ముట్టలేదు.
అరవై అయిదు నిండగానే పింఛనుకి మార్చాం,
నేనూ ఆమే, టీ తాగి, కేకు కోసుకుని.

మార్చిలో ఐవీ పోయింది.
లండన్ నుంచి ఆస్తి లెక్కగట్టేవాళ్లు వచ్చారు.
ఇద్దరు కుర్రాళ్లు, మంచివాళ్లే.
గిటార్లు తూచారు, దీవిని సగం చేశారు,
గుర్రం ఎప్పుడో చచ్చిపోయిందని నేనే చెప్పాల్సి వచ్చింది.
నీలం అట్ట పుస్తకం తిరగేసి ఒకడు అడిగాడు:
"ఈ ఉద్యోగి ఇప్పుడెక్కడ?"
"పడవ ఇంకా రాలేదు" అన్నాను.
అతను అదే రాసుకున్నాడు.

నిన్న దుకాణంలో, సూపు పొట్లాల వరసలో,
పైనెక్కడో ఆ పాట.
తోపుడుబండి ఆపేశాను.
ఈసారి మాటలు వినాలనుకున్నాను.
రెండో చరణం దాటకముందే
వేళ్లు వాటంతట అవే లెక్క కట్టేశాయి.

ఇవాళ బుధవారం.
ఎవరూ అడగలేదు, ఎవరూ ఫీజు ఇవ్వరు.
పుస్తకం తెరిచి
క్లిఫ్‌కి ఈ నెలది రాశాను.