అరువు టై

ఏడు దాటాక మెడ బోసిగా ఉంటే
భోజనాల గదిలోకి రానివ్వరట.
దొరలు పెట్టిపోయిన నియమం.
వాళ్లు ఓడలెక్కి డెబ్బై ఏళ్లు దాటింది,
నియమానికి మాత్రం ఇంకా టికెట్టు దొరకలేదు.

నువర ఎలియలో చలి
సాయంత్రం ఐదింటికే తలుపులు తడుతుంది.
వ్యాను తుడుస్తుంటే వెనకసీటు కింద
హెడ్విగ్ అమ్మగారి కళ్లజోడు దొరికింది.
అది లేకపోతే ఆవిడకి
చేప ఏదో, చేప ధర ఏదో తెలియదు.

పదకొండేళ్లుగా ఈ హోటల్ మెట్ల దాకా
మనుషుల్ని తెచ్చి దింపుతున్నాను.
మెట్లు పద్నాలుగని తెలుసు.
పైమెట్టు మీంచి లోయ ఎలా కనిపిస్తుందో
ఆ రాత్రే చూశాను,
చూడ్డానికేమీ లేదు, చీకటి.

అద్దాల తలుపు దగ్గర వేలాయుధం.
"ఇలా ఇవ్వు, లోపలికి పంపిస్తా" అనొచ్చు.
అనలేదు.
నన్ను ఎగాదిగా చూసి బీరువా తెరిచాడు.
కలరా ఉండల వాసన. తొమ్మిది టైలు.
ఒకదాని మీద ఎప్పుడో మూతపడ్డ క్లబ్బు గుర్తు,
ఒకదాని కొసన ఎండిన సూపు మరక.
ఎన్ని మెడలు మారాయో,
ఎన్ని గుటకలు విన్నాయో.
అరువు సొమ్ము బరువు చేటంటారు.
నాకు నీలంది ఎంచాడు.

ఎదురుగా నిలబడి కట్టడం రాదతనికి.
నేర్చుకున్నది తన మెడ మీదే,
రాత్రి డ్యూటీల్లో, ఎవరూ లేనప్పుడు.
నా వెనక్కి వచ్చి
భుజాల మీదుగా చేతులు చాచి
తనకే కట్టుకుంటున్నట్టు కట్టాడు.
అద్దంలో ఒక టై, రెండు తలలు.

"మా నాయన నాను ఓయ స్టేషన్ నుంచి
దొరల ట్రంకుపెట్టెలు మోసుకొచ్చేవాడు,
వెనక గుమ్మం దాకా" అన్నాడు
ముడి బిగిస్తూ.
కొంచెం ఎక్కువే బిగించాడు.

రిజిస్టరులో గది నంబరు రాయాలి.
నాకు గది లేదు.
వ్యాను నంబరు రాశాడు.

తివాచీ నా అడుగుల చప్పుడు మింగేసింది.
గోడ నిండా దుప్పి తలలు,
వాటిని మాత్రం ఎవరూ టై అడగరు.
వెండి గిన్నెల మీద వెలుగు, చెంచాల గుసగుస,
ఒక్కరూ తలెత్తలేదు.
లోపలికి నడిచింది ఆ నీలం గుడ్డముక్క,
దాని వెంట నేను.

కళ్లజోడు పెట్టుకుని ఆవిడ నన్ను చూసింది,
మర్యాదగా నవ్వింది.
"మీరు మేనేజరుగారా?"

ఐదు రోజులు.
కొలంబో నుంచి ప్రతి మలుపుకీ నా వెనకే కూర్చుంది.
వాంతి వస్తే ఆపాను, ఏనుగు కనిపిస్తే ఆపాను.
నోరు పెగల్లేదు నాకు.
వచ్చిన దారినే పోదామని తిరిగాను.
"అరె, మన డ్రైవర్!" అంది అప్పుడు,
నా మెడ వెనక భాగాన్ని గుర్తుపట్టి.

వేలాయుధం ముడి విప్పలేదు.
తల మీదుగా లాగి కొక్కేనికి తగిలించాడు,
తర్వాత వచ్చేవాడికి పనికొస్తుందని.
'తిరిగి ముట్టినది' దగ్గర సంతకం పెట్టించుకున్నాడు.

అతని డ్యూటీ దిగాక వంటింటి వెనక
ఇడియాప్పం, కొబ్బరి సంబోల్, ఒకే పళ్లెంలో.
"ఏమందేమిటి?"
"మేనేజరు అనుకుంది."
నవ్వి నవ్వి పొలమారింది అతనికి.
నెత్తి మీద తట్టాను,
ఎవరో తలుచుకుంటున్నారయ్యా అని.
పై అంతస్తుల్లో
ఒక్కొక్క దీపమే ఆరుతోంది.

తెల్లారి ఘాట్ రోడ్డు, పొగమంచు.
వెనక అద్దంలో ఆవిడ
కళ్లజోడు సర్దుకుంటూ, మళ్లీ సర్దుకుంటూ
నా ముఖం కోసం చూస్తోంది.
నేను రోడ్డు చూస్తున్నాను.
మధ్యమధ్య ఎందుకో
చేయి కాలరు దగ్గరికి పోతోంది,
అక్కడేమీ లేదు.