శిఖం

మూఢం పడితే పెండ్లిళ్లు ఉండవు.
నల్లగొండ గడియారం సెంటర్ల
నా స్టూడియో షట్టరు సగం దించి,
లెన్సు సంచి భుజానికేసుకొని
దుబ్బకుంట దిక్కు పోత.

నీళ్లు వెనక్కి జరిగిన చోట
ఒండ్రు ఇంకా ఆరలేదు.
రెవెన్యూ కాగితాలల్ల దీని పేరు శిఖం.
నీళ్లు కాదు, నేల కాదు,
రెంటి నడుమ వాయిదా పడుకుంట వస్తున్న తగాదా.

బోర్లా పండుకుంట.
మోచేతులు బురదలకు దిగుతయి.
నేను ఊపిరి బిగబడితే గాని
ఉల్లంకి అడుగు తీసి అడుగెయ్యదు.
ఎర్రటి పొడుగు కాళ్లు,
తన నీడ మీద తనే నిలబడ్డట్టు.

ఈ నేల నీళ్లు తాగి
మా మేనత్త కాళ్లు విల్లులెక్క వంగినయి.
ఇక్కడనే పుట్టి
ఇంత నిటారుగ ఎట్ల నిలబడ్డవే పిట్టా అని
ప్రతిసారీ అడగబుద్ధయితది.
నోరు మెదిపితే లేచిపోతది. అడగ.

బర్రెలు కాసే ఈదమ్మకు నేనొక వింత.
"పెండ్లికొడుకు లేడు, పెండ్లిపిల్ల లేదు,
ఎవరికోసం తీస్తున్నవ్ సైదులూ ఫోటోలు?"
అని నవ్వే ముసలిదే
ఒకనాడు "ఆగు!" అని కేకేసింది.
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిన.

నా చెప్పుకు జానెడు దూరంల
గులకరాళ్ల నడుమ
నాలుగు గులకరాళ్లు వెచ్చగ ఉన్నయి.

నెత్తిమీద తీతువు
తిరుగుకుంట, తిట్టుకుంట.
పదేండ్లు పిట్టల్ని చూసినోణ్ని,
కాలు ఎక్కడ పెడుతున్ననో చూడలే.
"నా బర్రెలకు ఎరుకే, పక్కకెళ్లి పోతయి"
అన్నది ఈదమ్మ.
ఇంకేం అనలే.

పోయిన సోమవారం వార్డు ఆఫీసు నుంచి ఫోను.
కుంటను సుందరీకరిస్తరట.
చుట్టూ రాతి కట్టడం, నడక బాట,
సిమెంటు కుర్చీలు, రంగుల లైట్లు,
నడుమ నిలబడి ఫోటో దిగెటందుకు
ఇనుప గుండె బొమ్మ ఒకటి.
శంకుస్థాపన ఫ్లెక్సీ ఆర్డరు నాకే.
"పది బై ఎనిమిది. మధ్యల
నీ ఎర్రకాళ్ల పిట్టను పెట్టు, మస్తుంటది."

రాత్రంతా కంప్యూటరు ముందట కూసున్న.
పిట్ట చుట్టూ బురదను తుడిచి
వెనుక నీలం రంగు పోసిన.
పిట్ట నిలబడే ఉన్నది, దేనిమీదా కాదు.
అంత పొడుగు కాళ్లు
ఇగ ఎందుకో నాకే సమజు కాలే.
సేవ్ చెయ్యకుండ మూసేసిన.

తెల్లారి ఏఈ సారు దగ్గరికి పోయిన.
"తూర్పు దిక్కు ఒడ్డును ఉన్నది ఉన్నట్టు
వదిలెయ్యుండ్రి సారూ" అన్న.
"బురదను వదిలేస్తే బిల్లు ఎట్లయితదయ్యా?"
ఎక్కిరింపు గాదు, నిజంగనే అడిగిండు.
నా దగ్గర జవాబు లేదు.
"ఒక్కపారి పొద్దుగాల రాండ్రి" అన్న.

వచ్చిండు, బూట్లు చేత పట్టుకొని.
నాలుగు అడుగులకే పిక్కల దాంక దిగబడ్డడు.
ఈదమ్మ తన కట్టె అందిచ్చింది.
అంత దూరంల ఉల్లంకులు
ముక్కులు బురదల గుచ్చుకుంట, తీసుకుంట,
కంచం దగ్గర కూసున్న పిల్లల తీరు,
మా దిక్కు చూడనే లేదు.
సారు ఏమీ అనలే.
కాళ్లు కడుక్కొని పోయిండు.

ఆ పొద్దుమీకి కొలత గీసెటోళ్లు వచ్చిండ్రు.
తెల్లటి గీత పడమటి నుంచి తూము దాంక వచ్చి
అక్కడనే ఆగిపోయింది.
సున్నం అయిపోయిందో,
ఎవరికన్న మనసయిందో,
రేపు ఇంకో సంచి తెస్తరో.

ఫైలు పాడయిందని చెప్పిన.
ఫ్లెక్సీ మీద ఇప్పుడు
ఎక్కడి నుంచో దించుకున్న హంస ఉన్నది,
మా జిల్లాల ఎవరూ చూడని హంస.

నా స్టూడియోల, పెండ్లి ఆల్బంల పైన
ఒక పెద్ద ఫోటో కట్టించి పెట్టిన.
"ఇందుల ఏముందన్నా, అన్ని రాళ్లే గద"
అంటరు వచ్చినోళ్లు.
నాలుగు ఉన్నయి, దేవులాడుకొమ్మంట.
కొత్త కెమెరాలు మెడకేసుకొని
పోరగాండ్లు అడుగుతరు:
ఏ కుంట? ఏ ఒడ్డు? కారు పోతదా?

యాదికి లేదంట.
నవ్వని పెండ్లికొడుకులను ఎంతమందినో
నవ్వినట్టు చూపెట్టినోణ్ని,
అబద్ధం నాకు కొత్తగాదు.