నీటి గీత

నాన్న రెండు కోట్లు సున్నం వేయించాడు.
ఆ పైన లేత ఆకుపచ్చ డిస్టెంపరు.
అయినా వానలు పడగానే
హాల్లో, క్యాలెండరు మేకుకి జానెడు కింద
గోధుమరంగు గీత ఒకటి
చెమట పట్టినట్టు బయటికొచ్చేది.
దానికి అడ్డంగా బీరువా జరిపాడు.
మా పాయకాపురంలో ఏ ఇంటికెళ్లినా
బీరువాలు వింత చోట్ల ఉంటాయి.

బుడమేరు పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.
మునిగిన జిరాక్స్ మిషను సంగతీ ఎత్తరు,
మూడో రోజు పడవలో వచ్చి
డాబా మీదికి పాల ప్యాకెట్లు విసిరిన కుర్రాళ్ల సంగతీ అంతే.
వాళ్లలో ఒకడికి చెప్పుల్లేవు.
పేరడగాలని తోచలేదు నాకు.

కాలేజీ నోటీసు బోర్డులో
వియత్నాం, ఆరు వారాలు, వాలంటీర్లు కావాలని చూసి
నేను పేరిచ్చింది సేవ కోసం కాదు.
విమానం ఎక్కొచ్చని.

హ్వే ఊరి బయట, ఏటి ఒడ్డున
ఒక ముసలామె ఇంటికి పంపారు నన్ను.
అక్కడ అవ్వని 'బా' అంటారు.
మన బామ్మలో సగం.
మిగతా సగం నేనే కలుపుకున్నాను, నెమ్మదిగా.

వెళ్లిన వారానికి ఏరు ఇంట్లోకొచ్చింది.
మోకాలి లోతు.
నీళ్లు పూర్తిగా తీశాక మొదలెడదామని
చేతులు కట్టుకుని నిలబడ్డాను.
బా నా చేతిలో చీపురు పెట్టి
వీపు మీద ఒక్కటి చరిచింది.
నీళ్లు పోతూ ఉండగానే
ఆ నీళ్లతోనే బురద కడగాలి.
ఆరిందా, ఇక ఇల్లు దానిది.
ఇదంతా చీపురుతోనే చెప్పింది.
మేమేమో డాబా దిగేసరికి
గచ్చు మీద బురద సిమెంటైంది.
ఫైరింజను వచ్చి కడిగింది,
అమ్మ పెళ్లి ఫొటోతో సహా.

ఆ రాత్రి ఫోనులో తెలుగు పలికి
ఆమె భాషలో వినిపించాను:
"మా ఇంటికీ వరద వచ్చింది."
ఫోను ఏమనుకుందో ఏమో,
"వరద ఎవరు? మీ చుట్టమా?" అని అడిగింది బా.
కాదనబోయి ఆగాను.
"అవును. ఒక్క పూటనుకుంటే పది రోజులుంది.
పోతూ పోతూ అమ్మ కుట్టుమిషను పట్టుకుపోయింది."
బా పగలబడి నవ్వింది.
ఆ సంగతి మీద నాకు నవ్వు రావడం
అదే మొదలు.

కడిగిన గుమ్మం ముందు
ఒకనాడు బియ్యప్పిండితో ముగ్గేశాను.
చీమని చూపించి, నోరు చూపించి, కనుబొమ్మలెగరేసింది:
వాటికి అన్నమా?
తలూపాను. అబద్ధమేం కాదు.
మర్నాటి నుంచి చుక్కలూ లేవు, మెలికలూ లేవు,
గడప పక్కన గుప్పెడు పిండి
తనే కుప్పగా పోసేది.

నడిమింట్లో ఒక కొయ్య స్తంభం.
దాని మీద బొగ్గు గీతలు, పక్కన ఏళ్లు,
పిల్లల ఎత్తు కొలిచినట్టు
ఒకదాని మీద ఒకటి.
అన్నిటికన్నా పై గీత పక్కన ఏడుతో పాటు ఒక పేరు.
ఎవరిదని నేనడగలేదు.
ఆ ఒక్కదాన్నీ కొంగులాంటి కండువాతో తుడిచి
ఈ ఏటి గీతకి బొగ్గు నా చేతికిచ్చింది.
చెయ్యి వణికితే
మోచేతి కింద అరచెయ్యి పెట్టింది.

గన్నవరంలో దిగిన మర్నాడు
నాన్న కొట్టుకెళ్లాక
తమ్ముడు ధీరజ్, నేను బీరువా లాగేశాం.
గీత అక్కడే ఉంది.
పెన్సిలుతో దాని మీదే గీశాను.
సెప్టెంబరు ఒకటి, ఆదివారం, అని రాశాను.
పక్కన ఒక పేరు రాద్దామనుకున్నాను.
చెప్పుల్లేని ఆ కుర్రాడి పేరు నాకు తెలీదు.
ఖాళీ వదిలాను.

సాయంత్రం నాన్న వచ్చి చూశాడు.
చొక్కా విప్పకుండానే చాలాసేపు నిలబడ్డాడు.
పెన్సిలు అడిగి తీసుకుని
నా గీతకి నాలుగువేళ్ల పైన
ఇంకో గీత గీశాడు.
"ఇక్కడిదాకా. అర్ధరాత్రి దాటాక.
మీరంతా పైన పడుకున్నారు.
నేను మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నా."

బీరువా ఇంకా హాలు మధ్యలోనే ఉంది.
చుట్టూ తిరిగి వెళ్తున్నాం.