రిమార్కుల గడి

గ్రిమ్స్‌బీ రేవు వెనక, కిటికీ మూసినా
చేపల వాసన లోపలికొచ్చే గదిలో
మూడు వారాలుగా నేనొక ఊరు కడుతున్నాను.
సైటు కింద భవనం, భవనం కింద అంతస్తు,
అంతస్తు కింద గది, గది కింద అర.
ప్రతి వస్తువూ ఎక్కడో ఒకచోట ఉండితీరాలంటుంది సిస్టం.
ఎక్కడున్నాయో తేలనివాటి కోసం
"తెలియదు" అని ఒక గది కట్టాను.
ప్రస్తుతం ఊళ్ళో కిక్కిరిసింది అదొక్కటే.

పాత లెక్కలు ఎక్సెల్‌లో వచ్చాయి. కాకిలెక్కలు.
ఒకే ఫోర్క్‌లిఫ్టు మూడు పేర్లతో మూడు షెడ్లలో కాపురం చేస్తోంది.
కంప్రెసర్ల పుట్టినరోజు 1900, జనవరి ఒకటి.
ఎవరికీ గుర్తులేనివన్నీ
ఆ ఒక్కరోజే పుడతాయి.

తరుగుదల నియమం నేనే రాశాను:
ఏడేళ్ళు, ఏటా సమానంగా, చివర సున్నా.
మా మేనత్త కంసాలి దగ్గర
గురిగింజ ఎత్తు తరుగుకి గంటసేపు పోట్లాడేది.
ఇక్కడ ఒక్క క్లిక్కుకి
నాలుగు లక్షల పౌన్ల ఇనుము రాత్రికి రాత్రి ఆవిరైతే
అడిగినవాళ్ళు లేరు.
తెల్లారి చూస్తే అదే ఇనుము
సున్నా విలువతో గడగడా తిరుగుతూ
నలభై టన్నుల కాడ్ చేపని గడ్డ కట్టిస్తోంది.

బార్‌కోడు స్టిక్కర్లు అంటించడానికి
నెవిల్ బ్లాంచర్డ్ తోడొచ్చాడు. స్టోర్‌కీపరు, ముప్పై ఒక్కేళ్ళుగా.
మైనస్ ఇరవై రెండులో జిగురు పట్టదు.
ఆయన స్టిక్కర్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి అంటించేవాడు.
"ఇది మాన్యువల్లో రాయకు" అన్నాడు.
నేను చదివే సీరియల్ నంబర్లు చెవిన పెట్టేవాడు కాదు.
మూడో కంప్రెసరు మీద అరచెయ్యి ఆనించి,
"దీనికి తూర్పుగాలి పడదు.
మొదలయ్యేముందు రెండుసార్లు దగ్గుతుంది.
మూడోసారి దగ్గిందా, ఆపెయ్. ఆలోచించకు."

రిమార్కుల గడిలో ఎక్కించబోయాను.
ఎనభై అక్షరాల దగ్గర కర్సర్ మొండికేసింది.
ఆ ఎనభై నేను పెట్టిందే.
"రెండుసార్లు దగ్గుతుంది. మూడోసారి ద"
కంపెనీకి అంతవరకే తెలుసు.

సంస్కృతం మాస్టారి "అస్తి"కి దీర్ఘం తీస్తే ఆస్తి.
ఉండటాన్ని కాస్త సాగదీస్తే చాలు, సొత్తయిపోతుంది.
నా డ్రాప్‌డౌన్‌లో ఉన్నవి మూడే:
వాడుకలో. మరమ్మతులో. తీసేసినది.

శుక్రవారం నెవిల్ రిటైరయ్యాడు. నిమ్మకాయ కేకు, అందరి సంతకాల కార్డు.
సోమవారం ఆయన ఖాతా మూసెయ్యమని టిక్కెట్టొచ్చింది.
నొక్కాను.
ఎర్రగా అడ్డం తిరిగింది:
"ఈ వ్యక్తి సంరక్షణలో 212 ఆస్తులున్నాయి.
ముందు వాటిని ఎవరికైనా అప్పగించండి."
అదీ నేను రాసిన వాక్యమే.
రాసినప్పుడు అది నన్ను అడుగుతుందనుకోలేదు.

పేర్ల జాబితా పైకీ కిందికీ లాగాను. నూట నలభైమంది.
విభాగం వారీగా వడపోయొచ్చు, షిఫ్టు వారీగా వడపోయొచ్చు.
దగ్గు తెలిసినవాళ్ళెవరో వడపోసే గడి లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరికీ చెప్పకుండా
ఎనభైని నాలుగువేలు చేసి సర్వర్ని మళ్ళీ లేపాను.
రెండు షెడ్ల నుంచి తిట్లు ఫోన్లో వచ్చాయి.
మూడో ఫోను నేను చేశాను.
నెవిల్ ఇంట్లో కెటిల్ అరుస్తోంది.
"ఏది ముందు చెప్పమంటావ్?" అన్నాడు.
"1900లో పుట్టినవాటితో మొదలెట్టండి" అన్నాను.

ఆయన చెబుతున్నాడు, నేను కొడుతున్నాను.
సాయంత్రానికి పందొమ్మిది అయ్యాయి.
మూడో కంప్రెసరు సంరక్షకుల గడిలో
వేరే పేరు తోచక నాదే పెట్టి
కోటు, చేతిజోళ్ళు తొడుక్కుని షెడ్డుకి నడిచాను.

రేవు మీద తూర్పుగాలి.
ఎవరో స్విచ్చి వేశారు.
ఒకటి.
రెండు.