మూడు రాళ్ళు తక్కువ

సెమోంకోంగ్ పైన, లెసోతో కొండల్లో
చలి పడ్డాక దారులు ఇంకొంచెం నిటారుగా నిలబడతాయి.
మందను దొడ్లోకి తోలి, గడి బిగించి,
దుప్పట్లు కప్పుకుని, రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ
వాళ్ళు నా బడికి వస్తారు.
బడంటే నాలుగు రాతిగోడలు, ఓ రేకు కప్పు,
ఒక లాంతరు,
మూలన ఆరుతున్న పన్నెండు చేతికర్రలు.

నా పేరు పులెంగ్. వానలో పుట్టానని అలా పిలిచారు.
వ్యాసం ఎలా రాయాలో చెబుతాను.
పరీక్షకి రెండువందల యాభై మాటలు కావాలి.
తగ్గితే మార్కులు కోస్తారు.

మొదటి రాత్రి ఆవు మీద రాయమన్నాను.
పన్నెండు పుస్తకాల్లోనూ ఒకటే ఆవు:
దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక.
అది గడ్డి మేయును. పాలిచ్చును.

ఇచ్చునట!
నోటితో ఎన్నడూ అనని మాట
కాగితం కనపడగానే ఎక్కణ్ణుంచి దిగుతుందో!
ఆరేళ్ళ వయసు నుంచి ఆవుల వెనకే నడిచినవాళ్ళు,
చీకట్లో దగ్గు విని అది ఏ ఆవో చెప్పగలిగినవాళ్ళు,
నాకు తెలియదన్నట్టు
దాని కాళ్ళు లెక్కపెట్టి చూపించారు.

దొడ్డి తలుపు తీయగానే మందంతా ఒక్కసారే తోసుకొస్తే?
"గడి విరుగుద్ది," అన్నాడు మోతెబాంగ్.
మరి మొదటి వాక్యంలోకే అన్నిటినీ తోలకండి.
ముందు నడిచే ఎద్దు ఒకటుంటుందిగా, దాన్ని వదలండి,
మిగతావి దాని మెడగంట వెంటే వస్తాయి.
ఒక్కో పేరాలో ఒక్క వాగే దాటండి.
అవతలి ఒడ్డుకి అన్నీ చేరాయో లేదో చూసుకుని
అప్పుడు రెండో వాగు.
ఇక ముగింపు అంటే, అని మొదలెట్టేలోగా
లాంతరులో చమురైపోయింది.
ఆ పాఠం ఇంకా బాకీ.

సెయబాతాకి పంతొమ్మిదేళ్ళు.
పెన్సిల్ని గొర్రెబొచ్చు కత్తెరలా పట్టుకుంటాడు.
మూడు నెలలకి మూడే మూడు వాక్యాలు తెచ్చిచ్చాడు:
ఆవు ఉపయోగకరమైన జంతువు.
అది మంచులో చనిపోయింది.
దాని కడుపుకి ఆనుకుని నేను తెల్లారేదాకా బతికాను.

మొదటిది కొట్టేశాను.
తర్వాతి రెండిటి దగ్గర
ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.

దిద్దలేదు. అడిగాను.
ఆ రాత్రి గాలి ఎటు నుంచి?
"కిందనుంచి పైకి. అదే కదా చెడ్డగాలి."
పోయిందని ఎట్లా తెలిసింది?
"నా మెడమీద ఊపిరి తగలడం మానేసింది.
కడుపు మాత్రం ఇంకా చాలాసేపు వెచ్చగానే ఉంది."
యజమానికి ఏం చెప్పావు?
లాంతరు వైపు చూశాడు.
"అది రాసుకుంటాను," అన్నాడు.

పది రాత్రులు రాశాడు.
కొట్టేసిన చోట కాగితం చిరిగితే
మైదాముద్దతో అతికించి దానిమీదే రాశాడు.
పదకొండో రాత్రి ఏటి గులకరాళ్ళు ఓ సంచెడు తెచ్చాడు,
రెండువందల యాభై.
మాటకో రాయి చొప్పున సంచిలోంచి తీసి కుప్ప పెట్టాడు,
మందను లెక్కపెట్టే పద్ధతే అది.
మాటలైపోయాయి.
సంచి అడుగున ఇంకా మూడు రాళ్ళు.

"మూడు తప్పిపోయాయి, టీచర్."
"మూడుచోట్ల 'చాలా' అని కలుపు, సరిపోద్ది," అన్నాడు మోతెబాంగ్.
సెయబాతా వాణ్ణి చూసిన చూపు
పరాయి మందలోంచి మూడు గొర్రెల్ని
మనలో కలుపుకుందామన్నవాణ్ణి చూసే చూపు.

లేచి లాంతరు తీసుకుని మూలకి వెళ్ళిపోయాడు.
మేమంతా చీకట్లో కూర్చున్నాం,
పెన్సిల్ గీరుకునే చప్పుడు వింటూ.

పుస్తకం తెచ్చిచ్చాడు.
దాని పేరు ఖున్వానా.

మొదట్లో రాసి ఉంటాడనుకున్నాను, ముందు నడిచే ఎద్దులా.
కాదు. అన్నిటికన్నా కిందన రాశాడు,
ఆఖరి వాక్యంగా.

ముగింపు పాఠం
నేనింకా చెప్పనే లేదు.