గాలిల పత్తి

ఎంజీఎంల నా రాత్రి డ్యూటీ
ఆ దినం వాసనతోటి మొదలైంది.
స్ట్రెచర్ దర్వాజ దాటకముందే ఎల్లిగడ్డ వాసన.
తాగిండా అని అడిగిన.
"తాగలే బిడ్డా, కొట్టిండు" అన్నది చాంది,
"ఎదురుగాలికి కొట్టిండు. పదకొండు పంపులు.
మూతికి గుడ్డ కట్టుకొమ్మంటె
ఉక్కపోస్తాందన్నడు."

గుగులోతు సక్రు, నలభై రెండేండ్లు,
నర్సంపేట అవతల తండా.
కండ్లల్ల నీళ్ళు, నోట్లె నీళ్ళు, చంకలల్ల నీళ్ళు,
ఊపిరితిత్తులల్ల గుర్రుమని నీళ్ళు.
కట్ట తెగిన కుంట లెక్క మనిషి.
కంటిపాప ఆవగింజంత.
తోలు కింద సన్నగ, పురుగు పారినట్టు,
కండలు అదురుతానయి.

"మందు నరాలల్లకు పోయిందా?"
పోయింది అని చెప్పుడు అల్కగనే.
ఎట్ల పోయిందో చెప్పాలంటె
నాకు మా బాపు యాదికస్తడు.

మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలి.
బస్తా అచ్చి పడంగనే ఎత్తి పక్కకు వెయ్యాలె,
గప్పుడే ఇంకోటి దిగుతది.
హమాలి చేతులు ఒక్క గడియ ఆగితే
బస్తా మీద బస్తా, బండి ఎనుక బండి,
గేటు దాకా, గేటు దాటి రోడ్డు దాకా.

నరం కొసకు కండకు నడుమ
ఎంటిక కూడ పట్టని సందు.
ఆ సందులకు ఒక కబురు దుంకుతది.
పేరు ఎసిటైల్‌కొలీన్,
ట్రైనింగుల నా నాలికకు వారం దినాలు తిరగలే.
కదులు అంటది. కండ కదులుతది.
ఎంటనే ఓ హమాలి అచ్చి ఆ మాటను ఎత్తేస్తడు.
పురుగుల మందు చేసే పని గింతే:
హమాలి చేతులు కట్టేస్తది.
మాట పోదు. కదులు, కదులు, కదులు.
చెమటకు ఉరుకుమంటది, ఉమ్మికి ఉరుకుమంటది,
గుండెకు మాత్రం మెల్లగ, ఇంకా మెల్లగ అంటది.
ఆఖరికి కండ వినుడే బంద్ చేస్తది,
ఊపిరి గుంజే కండ కూడ.

ఇదంత చాందికి చెప్పలే.
"పామ్ పెడుతున్నం" అన్నడు డాక్టరు.
ఆమె మంచం కిందికి వంగి చూసింది, పాము కోసం.
నవ్వొచ్చింది. నవ్వలే.
పామ్ అంటే ఆ కట్లు విప్పే సూది.
ఇంకోటి అట్రోపిన్.
ఉమ్మెత్తల ఉండే ఇషమే,
చెలుక గట్టు మీద మేకలు ముట్టని చెట్టు.
అది కబురును ఆపది,
వినే చెవులను మూస్తది.

పది నిమిషాలకోపారి టార్చి కొట్టుడు.
పాప ఆవగింజ నుంచి పెసరగింజకు,
తెల్లారెటాళ్ళకు కందిగింజకు.
చంకల చెయ్యి పెట్టి చూసిన, ఎండింది.
నాలిక అట్టగట్టింది.
గుండె నూట ఇరవై.

రెండో రాత్రి ఏరుడు మొదలువెట్టిండు.
చెవులు మూసే మందు మెదడు దాకా ఎక్కింది.
మంచం మీద కూసోని
గాలిలకు చెయ్యి సాపి, మూడు వేళ్ళతోటి,
కాయ పగిలిన కాడ ఎట్ల గుంజాలెనో అట్ల,
ఆకు తునక అంటకుంట
దూది తీసి ఎడమ దిక్కు వేస్తాండు.
ఒక సాలు ఒడిసినంక అటు తిరిగి ఇంకో సాలు.
"యాడీ, సంచి తే" అంటాండు.
యాడి సచ్చిపోయి తొమ్మిదేండ్లట.
పక్క మంచాలోళ్ళు తినుడు ఆపి చూస్తాండ్రు.
చాంది ముందుగాల ఏడ్చింది.
తర్వాత లేసి, కొంగు పరిచి,
ఆయన చెయ్యి పడే కాడ పట్టుకున్నది.

షీటు మీద నేను రాయాల్సింది ఒక్క మాట, డెలీరియం.
రాసిన. డోసు తగ్గించిండ్రు.
కొంగు మాత్రం ఆమె తెల్లారేదాక దించలే.

నాలుగో పొద్దు.
"తల లేపు, సక్రూ" అన్న.
దిండు మీదికెళ్ళి నాలుగు వేళ్ళ ఎత్తు లేపిండు.
మెడ వణికింది, నిలబడ్డది.
ఆ నాలుగు వేళ్ళ కోసమే మేం చూసేది.
"చేతులు గుంజుతానయి సిస్టరమ్మా,
ఏం పని చేసిన్నో యాదికి లేదు" అన్నడు.

చాంది ఆ ఉత్త కొంగును
కొసలు రెండూ దగ్గరికి పట్టి,
దులపకుంటనే,
నడుముకు దోపుకున్నది.